తప్పని ఎవరూ నిరూపించని లెక్క: సీ-5ఏ విమానాల ఖర్చు, ఒక అధికారి ఉద్యోగం

ఖర్చుల ఆడిట్‌లో కొత్తగా చేరినవాళ్లకు క్లాసు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ముందుగా తీసే కేసు ఇదే. ఇంతకంటే పెద్ద మొత్తాలున్న కేసులు, ఇంతకంటే ఘోరమైన దుర్వినియోగాలు చాలానే ఉన్నాయి. అయినా ఇరవై ఏళ్లుగా మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తున్నాను. ఇందులో ఒక ప్రభుత్వ ఉద్యోగి ఒక అంకె చెప్పాడు. ఆ అంకె తప్పని ఎవరూ నిరూపించలేకపోయారు, చివరికి అదే నిజమని తేలింది. అయినా ఆ మనిషి తన కుర్చీలోకి తిరిగి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. లెక్క మీద మొదలైన గొడవ మనిషి మీదికి ఎలా మళ్లింది, ఏ కాగితాలతో మళ్లింది అన్నది మన వృత్తిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారైనా దగ్గరగా చూడాలని నా కోరిక.

ఆయన పేరు ఎర్నెస్ట్ ఫిట్జ్‌జెరాల్డ్. అలబామాలో పుట్టిన ఇండస్ట్రియల్ ఇంజినీరు. 1965లో అమెరికా వైమానిక దళంలో సివిలియన్ అధికారిగా చేరాడు. మేనేజ్‌మెంట్ సిస్టమ్స్ డిప్యూటీ అన్నది హోదా. ఆర్థిక వ్యవహారాలు చూసే అసిస్టెంట్ సెక్రటరీ కింద పని. విమానాలు, ఆయుధాలు తయారుచేసే కంపెనీలు చూపించే ఖర్చు ఎంతవరకు న్యాయమో తేల్చడం ఆయన బాధ్యత. ఒక వస్తువుకి ఎంత ఖర్చయింది అని అడిగి ఊరుకోకుండా, అసలు ఎంత అవ్వాలి అని అడిగే రకం ఆయన. ఫలానా భాగానికి ఎన్ని పనిగంటలు పట్టాలి, ఎన్ని పట్టాయి, ఆ తేడాకి డబ్బు ఎవరు కడుతున్నారు? ఈ మూడు ప్రశ్నలే ఆయన వృత్తి జీవితమంతా.

కాంట్రాక్ట్‌లోనే ఉన్న చిక్కు

సీ-5ఏ అంటే ట్యాంకుల్నే కడుపులో పెట్టుకుని ఎగరగల భారీ రవాణా విమానం. 1965లో కాంట్రాక్ట్ లాక్‌హీడ్ కంపెనీకి దక్కింది. పోటీలో బోయింగ్, డగ్లస్ కూడా ఉన్నాయి. లాక్‌హీడ్ వేసిన ధర సుమారు 190 కోట్ల డాలర్లు, బోయింగ్ ధర కంటే బాగా తక్కువ. ఇంజిన్లు, విడిభాగాలు, మిగతావన్నీ కలుపుకుని మొత్తం కార్యక్రమానికి ప్రభుత్వం వేసుకున్న తొలి అంచనా సుమారు 340 కోట్ల డాలర్లు.

అప్పట్లో రక్షణ శాఖ కొత్తగా ఒక పద్ధతి తెచ్చింది. డిజైన్ దగ్గర్నుంచి తయారీ దాకా మొత్తం ఒకేసారి బేరమాడి, ఒకే కాంట్రాక్ట్‌లో కట్టేయడం. తక్కువ ధర వేసి పని తెచ్చుకుని తర్వాత పెంచుకుంటూ పోయే అలవాటుకి అడ్డుకట్ట వేయాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ ఆ కాంట్రాక్ట్‌లో ఒక క్లాజు ఉంది. కేసు మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఆగేది అక్కడే.

విమానాలు రెండు విడతలు. పరీక్షల కోసం 5, మొదటి విడతలో 53, కలిపి 58. ప్రభుత్వం కావాలనుకుంటే రెండో విడతలో మరో 57. మొత్తం 115. మొదటి విడత ఖర్చు ఒక హద్దు దాటితే, రెండో విడత ధరను ఒక ఫార్ములా ప్రకారం పెంచాలని కాంట్రాక్ట్‌లో ఉంది. అంటే మొదటి విడతలో కంపెనీకి వచ్చిన నష్టం రెండో విడత ఆర్డరు ద్వారా ప్రభుత్వం నెత్తికే వస్తుంది. ఖర్చు అదుపు తప్పకుండా చూడాల్సిన కంపెనీకి, తప్పినా ఫర్వాలేదనే ధైర్యాన్ని కాంట్రాక్టే ఇచ్చింది. కంపెనీ చేయాల్సిందల్లా రెండో విడత ఆర్డరు వచ్చేదాకా అసలు అంకె పెద్దగా చర్చకు రాకుండా చూసుకోవడం. ఆ ఆర్డరు మీద నిర్ణయం తీసుకోవాల్సిన గడువు 1969 జనవరి. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

రాజకీయం సంగతి క్లుప్తంగా చెబుతాను. విమానాలు తయారయ్యేది జార్జియా రాష్ట్రంలోని మారియెట్టాలో. సెనేట్‌లో సైనిక వ్యవహారాల కమిటీకి ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్న రిచర్డ్ రస్సెల్‌ది కూడా జార్జియానే. వేల ఉద్యోగాలు, ఒక రాష్ట్రం ఆశలు, ఒక సైనిక విభాగం పరువు, ఒక కంపెనీ మనుగడ, అన్నీ ఆ విమానంతో ముడిపడి ఉన్నాయి. అంత బరువు మోస్తున్న అంకెను ముట్టుకోవడమంటే ఆ తీగ లాగితే ఎన్ని డొంకలు కదులుతాయో ఫిట్జ్‌జెరాల్డ్‌కి తెలియకుండా ఉండదు.

1968 నవంబరు 13

అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో జాయింట్ ఎకనామిక్ కమిటీ అని ఒకటుంది. దాని కింద ప్రభుత్వ పొదుపు మీద ఒక ఉపసంఘం. అధ్యక్షుడు విస్కాన్సిన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్. వృథా ఖర్చు కనిపిస్తే వదిలిపెట్టని మనిషిగా పేరుంది. సాక్షిగా రమ్మని ఆయన ఫిట్జ్‌జెరాల్డ్‌నే పిలిచాడు. వైమానిక దళానికి అది నచ్చలేదు. వేరే అధికారిని ముఖ్య సాక్షిగా పంపిస్తామంది, ఫిట్జ్‌జెరాల్డ్ వెనకాల కూర్చుంటాడంది. ముందుగా రాసుకున్న ప్రకటన ఏదీ ఆయన చేతిలో లేదు.

ప్రాక్స్‌మైర్ నేరుగా అడిగాడు. సీ-5ఏ ఖర్చు అనుకున్నదానికంటే 200 కోట్ల డాలర్లు పెరుగుతుందన్నది నిజమేనా అని. మీరన్న అంకె సుమారుగా సరైనదే కావచ్చు అన్నట్టుగా ఫిట్జ్‌జెరాల్డ్ జవాబిచ్చాడు. అంతే. బల్ల గుద్దలేదు, ఫైళ్లు విసరలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. అడిగిన అంకెను కాదనలేదు. విమానం తయారీలో ఊహించని సాంకేతిక ఇబ్బందులు వచ్చాయని కూడా చెప్పాడు.

ఈ జవాబుని క్లాసులో రెండుసార్లు చదివిస్తాను. అందులో జాగ్రత్త ఉంది, వినయం ఉంది, మన వృత్తిలో ఉండాల్సినంత అనుమానం కూడా ఉంది. ఇంత మెత్తటి మాటకి ఇంత పెద్ద శిక్షా అని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. నేను ఆశ్చర్యపోను. అప్పటిదాకా ఆ అంకె ఆఫీసు గదుల్లో తిరుగుతోంది. చాలామందికి తెలుసు. దాన్ని సభ రికార్డులోకి ఎక్కించినవాడు మాత్రం ఆయనొక్కడే.

ఆ తర్వాత జరిగిన చిన్న సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. ఖర్చుల పట్టిక రాతపూర్వకంగా పంపమని ఉపసంఘం అడిగింది. ఫిట్జ్‌జెరాల్డ్ సాక్ష్యానికి జతచేయాల్సిన కాగితమంటూ వైమానిక దళం ఒకటి పంపింది. అందులోని అంకెలు ఆయనవి కావు, మార్చేశారు. పైన పేరు మాత్రం ఆయనదే. ఆ లెక్క తనది కాదని ఆయన చెప్పాకే అసలు విషయం బయటపడింది.

ఇలాంటిదాని రుచి నాకూ తెలుసు, దానికంటే చాలా చిన్న మోతాదులో. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఒక కార్యాలయం ఖర్చుల మీద నేను రాసిన డ్రాఫ్ట్‌లో ‘అంచనాను మించి చేసిన ఖర్చు’ అని ఉంది. ఫెయిర్ కాపీ వచ్చేసరికి ‘సవరించిన అంచనా మేరకు చేసిన ఖర్చు’ అని మారింది. అంకె మారలేదు. కింద నా సంతకం కోసం ఖాళీ వదిలారు. అంచనా ఎప్పుడు సవరించారని అడిగితే, ఖర్చయ్యాక అన్నారు. ఆ రోజు సంతకం పెట్టకుండా పక్కన నా పాత వాక్యాన్ని చేత్తో రాసి, తేదీ వేసి, ఇనీషియల్ పెట్టి పైకి పంపాను. రెండు వారాలు చాలా టెన్షన్ పడ్డాను. నాకు పెద్దగా ఏమీ కాలేదు. తర్వాతి ఏడాది ఆ కార్యాలయం ఆడిట్‌కి మాత్రం నన్ను వేయలేదు. అప్పటినుంచి ఈ కేసులో ఆ మార్చిన పట్టిక దగ్గరికి వచ్చినప్పుడల్లా చేతివేళ్లు చల్లబడతాయి.

నియమాలతోనే చుట్టిన ఉచ్చు

సాక్ష్యం చెప్పిన 12 రోజులకి ఆయనకో నోటీసు వచ్చింది. అంతకుముందే ఆయనకి సివిల్ సర్వీస్ ఉద్యోగ భద్రత వచ్చినట్టు కాగితం ఇచ్చారు. అది కంప్యూటర్ పొరపాటు వల్ల వచ్చిందని, ఆ భద్రత ఆయనకి వర్తించదని ఇప్పుడు చెప్పారు. ఏళ్లు గడుస్తున్నకొద్దీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ మాటే. ఎవరి మీదా కోపం లేనట్టు, ఎవరూ నిర్ణయం తీసుకోనట్టు, తప్పంతా యంత్రానిదే అయినట్టు ఉంటుంది అది.

1969 జనవరిలో వైమానిక దళ కార్యదర్శి ఆఫీసులో ఒక మెమో తయారైంది. ఫిట్జ్‌జెరాల్డ్‌ని పదవిలోంచి తప్పించడానికి ఏ మూడు దారులున్నాయో అందులో వరసగా రాశారు. అది ప్రాక్స్‌మైర్ చేతికి చిక్కింది. అప్పటికి అధికారంలో ఉన్నది జాన్సన్ ప్రభుత్వం, డెమోక్రాట్లది. ప్రాక్స్‌మైర్ కూడా డెమోక్రాటే. తర్వాత కథంతా జాన్సన్ వెనక అధ్యక్షుడైన రిపబ్లికన్ నిక్సన్ పేరుతో నడుస్తుంది కాబట్టి ఈ మెమోని చాలామంది మరిచిపోతారు. ఉచ్చు ఒక పార్టీ ప్రభుత్వం బిగించడం మొదలుపెడితే, రెండో పార్టీ ప్రభుత్వం ముడి వేసింది. ఫలానా పార్టీ అయితే ఇలా జరిగేది కాదు అని క్లాసులో ఎవరైనా అంటే ఈ తేదీలే చూపిస్తాను.

ఈలోగా పని తగ్గించారు. పెద్ద ఆయుధ ప్రాజెక్టుల లెక్కలు చూసిన మనిషికి థాయ్‌లాండ్‌లో సైనికుల వినోదం కోసం కట్టిన బౌలింగ్ కేంద్రం ఖర్చులు చూసే పని అప్పగించారు. ముఖ్యమైన సమావేశాలకు పిలుపులు ఆగిపోయాయి. ఆయన వ్యక్తిగత జీవితం మీద వైమానిక దళ దర్యాప్తు విభాగం ఆరా మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏదో ఒక కారణం చెప్పొచ్చు. పని కేటాయింపు పై అధికారి హక్కు. దర్యాప్తు విభాగం పనే ఆరా తీయడం. అన్నీ ఒక వరసలో, తేదీలతో పెట్టి చూస్తేనే రూపం కనిపిస్తుంది. అందుకే ఇలాంటి వేధింపుల కేసు చేతికొస్తే నేను వాంగ్మూలాలు తర్వాత చదువుతాను. ముందు తేదీల పట్టిక వేస్తాను.

1969 నవంబరులో అసలు నోటీసు వచ్చింది. శాఖని పునర్వ్యవస్థీకరిస్తున్నాం, సిబ్బందిని తగ్గిస్తున్నాం, అందులో మీ పోస్టు రద్దవుతోంది అని. కారణంగా రాసిన మాట పొదుపు. ఖర్చు పెరిగిందని చెప్పిన అధికారి పోస్టుని ఖర్చు తగ్గించడం పేరుతో తీసేశారు. ఆయన తప్పు చేశాడని ఆ కాగితంలో ఎక్కడా లేదు. క్రమశిక్షణ చర్య తీసుకుని ఉంటే అభియోగం చెప్పాలి, విచారణ జరపాలి, ఆయన జవాబు వినాలి. పోస్టు రద్దయితే అవేవీ అక్కర్లేదు. 1970 జనవరిలో ఉద్యోగం పోయింది.

తెల్లభవనంలో ఒక కాగితం

పోస్టు పోబోతోందన్న వార్త గుప్పుమంది. 1969 డిసెంబరు 8న విలేకరుల సమావేశంలో నిక్సన్‌ని అడిగారు. చూస్తానన్నాడు. నిజంగానే వేరే ఏదైనా ఉద్యోగం ఇవ్వొచ్చేమో చూడమని తన సిబ్బందికి చెప్పినట్టు రికార్డుల్లో ఉంది. ఆ ఆలోచనకి లోపలినుంచే అడ్డు తగిలింది. 1970 జనవరి 20న తెల్లభవనం (వైట్‌హౌస్, అంటే అధ్యక్షుడి కార్యాలయం) సహాయకుడు అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ తన పై అధికారి హాల్డెమన్‌కి ఒక నోట్ రాశాడు. ఫిట్జ్‌జెరాల్డ్ ఖర్చుల లెక్కల్లో మేటి నిపుణుడే, కానీ విధేయతలో మాత్రం చాలా తక్కువ మార్కులు వేయాలి, ఇక్కడ ఆటంతా విధేయత మీదే అన్నది సారాంశం. కొంతకాలమైనా అతన్ని రక్తం ఓడనిద్దాం అని సలహా.

ఈ నోట్‌ని కోపంతో చదవొద్దని నా స్టూడెంట్లకి చెబుతాను, నాకు మాత్రం ప్రతిసారీ కోపం వస్తుంది. వృత్తిపరంగా చూస్తే ఇది అరుదైన కాగితం. మేటి నిపుణుడు అని ప్రత్యర్థే రాసిచ్చాడు. లెక్క సంగతి అక్కడితో తేలిపోయింది. మిగిలిందల్లా లెక్క ఎవరి కోసం చేయాలన్న ప్రశ్న.

ఫిట్జ్‌జెరాల్డ్ కాళ్లు ముడుచుకు కూర్చోలేదు. అదే జనవరి 20న సివిల్ సర్వీస్ కమిషన్‌కి ఫిర్యాదు రాశాడు. కమిషన్ 1971 మేలో తలుపులు మూసి విచారణ మొదలుపెట్టింది. ఆయన ఒప్పుకోలేదు, బహిరంగంగా జరగాలని కోర్టుకెక్కి గెలిచాడు. ఆ పోరాటంలోనే ఏళ్లు గడిచిపోయాయి. ఈలోగా ప్రాక్స్‌మైర్ కమిటీకి సలహాదారుగా పనిచేశాడు. బహిరంగ విచారణ మొదలైంది 1973 జనవరి 26న.

అక్కడ వైమానిక దళ కార్యదర్శి రాబర్ట్ సీమన్స్ సాక్ష్యం చెప్పాడు. ఇది ప్రతీకారం కాదన్నాడు. పోస్టు రద్దుకి ముందు తెల్లభవనం నుంచి కొంత సలహా అందిందని ఒప్పుకున్నాడు. ఏ సలహా, ఎవరిచ్చారు అని అడిగితే చెప్పనన్నాడు. అయిదు రోజులకి, జనవరి 31న, విలేకరులు నిక్సన్‌నే అడిగారు. ఫిట్జ్‌జెరాల్డ్‌ని తీసేస్తున్నట్టు తనకి పూర్తిగా తెలుసునని, తానే ఆమోదించానని, ఆ నిర్ణయానికి కట్టుబడి ఉన్నానని అధ్యక్షుడే స్వయంగా చెప్పాడు. మర్నాడు తెల్లభవనం దాన్ని వెనక్కి తీసుకుంది. అధ్యక్షుడు వేరే ఉద్యోగి అనుకుని పొరపాటుగా అన్నారని వివరణ ఇచ్చింది.

ఆ రోజు గదిలో నిక్సన్ తన సహాయకులతో మాట్లాడిన మాటలు టేపుల్లో నిలిచాయి. అతను ఖర్చు పెరిగిందని ఫిర్యాదు చేయడం అసలు విషయం కాదని, దాన్ని బహిరంగంగా చెప్పడమే విషయమని ఆ సంభాషణలో వినిపిస్తుంది. అలాంటి టేపులు ఉన్నాయని 1973 జులైలో వాటర్‌గేట్ కుంభకోణం విచారణలో బయటపెట్టిన మనిషి బటర్‌ఫీల్డే, రక్తం ఓడనిద్దామని రాసిన అదే బటర్‌ఫీల్డ్.

ఉద్దేశం రుజువు చేయడం

1973 సెప్టెంబరు 18న కమిషన్ ప్రధాన విచారణాధికారి తీర్పు ఇచ్చాడు. రికార్డు అప్పటికి 4,000 పేజీలు దాటింది. పోస్టు రద్దు చెల్లదన్నాడు. పొదుపు కోసమని చెప్పినా, అసలు కారణం పూర్తిగా ఆ వ్యక్తికి సంబంధించినదేనని, సిబ్బంది తగ్గింపు నిబంధనని అలా వాడకూడదని తేల్చాడు. పాత పోస్టు గానీ దానికి సమానమైనది గానీ ఇవ్వమన్నాడు.

అదే తీర్పులో ఇంకో వాక్యం ఉంది. కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పినందుకు ప్రతీకారంగా తీసేశారన్న ఆరోపణకి రికార్డులో ఆధారం చాలదు అని.

క్లాసులో ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. వ్యక్తిగత కారణంతో తీసేశారట, కానీ సాక్ష్యం వల్ల కాదట. మరి ఆ వ్యక్తిగత కారణం ఏంటి? అని ఎవరో ఒకరు అడుగుతారు. నా సమాధానం ఇది. విచారణాధికారి ముందున్నవి కాగితాలు. పోస్టు రద్దు కాగితంలో పొదుపు అని ఉంది. పొదుపు అబద్ధమని చూపించడం సాధ్యమే. ఆ ఏడాది శాఖలో ఎన్ని పోస్టులు తీశారు, ఎన్ని పెంచారు, ఆ పని తర్వాత ఎవరు చేస్తున్నారు అని లెక్క వేస్తే అబద్ధం బయటపడుతుంది, అది మన చేతిలో ఉన్న పనే. మనసులోని ఉద్దేశాన్ని చూపించడం వేరు. దాన్ని ఎవరూ ఫైల్లో రాయరు. బటర్‌ఫీల్డ్ నోట్ లాంటిది నూటికో కోటికో ఒకటి, అదీ పోస్టు పోయాక రాసినది. రుజువు చేసే భారమంతా ఉద్యోగం పోయిన మనిషి మీద ఉంటే, సగం కేసులు అక్కడే చచ్చిపోతాయి.

ఈ చిక్కుని చట్టం గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1978లో సివిల్ సర్వీస్ సంస్కరణ చట్టం వచ్చింది. ప్రజావేగుల మీద, అంటే లోపలి తప్పుల్ని బయటపెట్టే ఉద్యోగుల (విజిల్‌బ్లోయర్ల) మీద కక్షసాధింపుని నిషేధించింది, ఫిర్యాదులు చూడటానికి స్పెషల్ కౌన్సెల్ కార్యాలయాన్ని ఏర్పాటు చేసింది. 1989 నాటి విజిల్‌బ్లోయర్ రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. బయటపెట్టిన సమాచారం కూడా చర్యకి ఒక కారణమని ఉద్యోగి చూపిస్తే చాలు, ఏకైక కారణమని చూపించనక్కర్లేదు. ఆ తర్వాత భారం శాఖ మీద పడుతుంది. అతను నోరు విప్పకపోయినా ఇదే చర్య తీసుకునేవాళ్లమని శాఖ బలమైన ఆధారాలతో చూపించాలి. కార్యాలయాల్లో పనిచేయనివాళ్లకి ఇది చిన్న మార్పులా కనిపించొచ్చు. నా దృష్టిలో మొత్తం చట్టంలో ప్రాణం ఉన్నది ఇందులోనే.

మళ్లీ ఫిట్జ్‌జెరాల్డ్ దగ్గరికి. కమిషన్ ఆదేశం తర్వాత ఉద్యోగం ఇచ్చారు, కానీ పాత బాధ్యతలకి సమానమైనది కాదు. మళ్లీ కోర్టు. మరోపక్క నిక్సన్ మీద, ఆయన సహాయకులు బ్రైస్ హార్లో, బటర్‌ఫీల్డ్‌ల మీద నష్టపరిహారం కేసు నడుస్తోంది. నిక్సన్ 1,42,000 డాలర్లు చెల్లించి చాలావరకు రాజీ చేసుకున్నాడు, చట్టపరమైన ప్రశ్న మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1982 జూన్ 24న తీర్పు. అధికారిక హోదాలో చేసిన పనులకి అధ్యక్షుడి మీద నష్టపరిహారం దావా ఎప్పటికీ చెల్లదని 5-4 తేడాతో చెప్పారు. అదే రోజు ఇచ్చిన ఇంకో తీర్పులో, సహాయకులకి అంత పూర్తి రక్షణ లేదన్నారు. స్పష్టంగా స్థిరపడిన హక్కుని, మామూలు తెలివి ఉన్నవాడెవడికైనా తెలిసే హక్కుని ఉల్లంఘిస్తే బాధ్యులే అన్నారు. పోలీసుల మీద పడే కేసుల్లో ఇవాళ అమెరికాలో వినిపించే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీకి (అధికారులకి దావాల నుంచి షరతులతో దొరికే రక్షణకి) ఇప్పటి రూపం వచ్చింది ఈ రెండో తీర్పుతోనే.

పైవాడికి పూర్తి రక్షణ, కిందివాడికి సగం రక్షణ. పని సాఫీగా సాగాలంటే అధ్యక్షుడికి ఆ రక్షణ కావాలన్న వాదన నాకు అర్థమవుతుంది. ఒప్పుకోవడం మాత్రం నా వల్ల కాదు. ఆ తీర్పుతో విభేదించిన నలుగురు న్యాయమూర్తుల వైపే నేను.

అదే ఏడాది వైమానిక దళంతో ఒప్పందం కుదిరింది. ఆయన పాత పోస్టు, పాత హోదా తిరిగి వచ్చాయి. 2006 దాకా అక్కడే పనిచేశాడు. విడిభాగాలకి పెడుతున్న ధరల మీద 1980ల్లో మళ్లీ గట్టిగా మాట్లాడాడు. 1987లో రహస్య సమాచారం మీద కొత్త ఒప్పంద పత్రం పెట్టి ఉద్యోగుల్ని సంతకం చేయమంటే, అందులోని మాటలు కాంగ్రెస్‌తో మాట్లాడే హక్కుని దెబ్బతీస్తాయని సంతకం పెట్టలేదు. 2019లో చనిపోయాడు.

విమానం ఏమైంది?

కార్యక్రమం ఖర్చు 530 కోట్ల డాలర్ల దాకా వెళ్లొచ్చని అంచనాలు వచ్చాయి. తొలి అంచనా 340 కోట్లు. తేడా మీరే తీసి చూడండి, ప్రాక్స్‌మైర్ అడిగిన అంకె దగ్గరే ఆగుతారు. 1971లో లాక్‌హీడ్ దివాలా అంచుకి చేరింది. సీ-5ఏ నష్టాలు ఒక కారణం, పౌర విమానానికి ఇంజిన్లు ఇవ్వాల్సిన రోల్స్‌రాయిస్ కుప్పకూలడం ఇంకో కారణం. 25 కోట్ల డాలర్ల రుణ హామీ ఇచ్చి ప్రభుత్వం ఆ కంపెనీని నిలబెట్టింది. సెనేట్‌లో ఆ బిల్లు 49-48తో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. బరువు తగ్గించే తాపత్రయంలో బలహీనపడిన రెక్కల్లో పగుళ్లు కనిపించాయి. తర్వాత రెక్కలు మార్చడానికి సుమారు 150 కోట్ల డాలర్లు పెట్టాల్సి వచ్చింది. సాంకేతిక ఇబ్బందులున్నాయని 1968లో ఆయన చెప్పిన రెండో మాట అది. అంకె గొడవలో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ కేసు చదివాక నా పనిలో మారినవి పెద్దవేం కావు. నేను వేసే ప్రతి పట్టిక కింద ఏ తేదీ అంచనాతో పోల్చానో, అందులో ఏవి కలిపానో, ఏవి వదిలేశానో అదే పేజీలో రాస్తాను. పట్టిక విడిగా ఎక్కడికెళ్లినా ఆ నాలుగు లైన్లూ దానితో పాటే వెళ్లాలి. నోటి మాటగా చెప్పమంటే ముందు అంకె, తర్వాత దాని హద్దులు, ఆ తర్వాత మౌనం. ఎవరి తప్పో నేను చెప్పను. అది అడిగే అధికారం ఉన్నవాళ్లు వేరే ఉంటారు. జూనియర్లు కూడా ఇలాగే చేయాలని పట్టుబడతాను, విసుక్కున్నా సరే.

పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయి చివర్లో లేచి అడిగింది. ‘సార్, ఆ రోజు ఆయన నాకు తెలీదు అని ఉంటే ఏమయ్యేది? ఉద్యోగం ఉండేది కదా?’

ఉండేదమ్మా అన్నాను. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తేదీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సాక్ష్యం చెప్పిన రెండు నెలలకి, 1969 జనవరిలో, వైమానిక దళం రెండో విడతకి సరేనంది. లెక్క బయటపడినా ఆగలేదు. కానీ అప్పటికి అంకె అందరి ముందూ ఉంది. ఆ ఏడాదంతా కాంగ్రెస్‌లో దాని మీద చర్చ నడిచింది. చివరికి నవంబరులో, ఆయనకి పోస్టు రద్దు నోటీసు ఇచ్చిన ఆ నెలలోనే, రెండో విడతలో 23 దగ్గర ఆపేస్తున్నామని వైమానిక దళం ప్రకటించింది. 58కి 23 కలిపితే 81. 115 విమానాలకి అనుకున్న డబ్బు కంటే ఎక్కువే పెట్టి 81 తీసుకున్నారు. ఆయన ఒక్కడి మాట వల్లే ఆగిందని నేను చెప్పలేను. మిగిలిన తీసివేత బోర్డు మీద ఆ అమ్మాయితోనే చేయించాను. 34 విమానాలు.